చూపు, వినికిడి పోయిన పసిబిడ్డతో మాట కలపడం: ఇంట్లో మొదలుపెట్టే పద్ధతి

మెనింజైటిస్ లాంటి జబ్బు నుంచి బతికి బయటపడ్డ రెండేళ్ల బిడ్డ చూపు, వినికిడి రెండూ పోగొట్టుకుని ఇంటికొస్తే, ఇంట్లోవాళ్లకు దిక్కుతోచదు. ఇక ఈ పిల్లతో ఎలా మాట్లాడేది? దారి ఉంది. అది చేతుల మీదుగా, స్నానం, అన్నం, నిద్ర లాంటి రోజువారీ పనుల మీదుగా వెళ్తుంది. టీచరు దొరికాక మొదలుపెడదామని ఆగక్కర్లేదు. అసలు ఆగకూడదు. పుట్టుకతోనే రెండూ లేని పిల్లలకు కూడా చాలావరకు ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు ఆసుపత్రి పనులు

మెనింజైటిస్ తర్వాత వినికిడి పోయిన పిల్లల్లో లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే కాక్లియా అనే భాగం లోపల ఎముక పెరిగి పూడుకుపోవచ్చు. కొందరిలో ఇది వారాల్లోనే మొదలవుతుంది. పూడిపోయాక కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో అమర్చే వినికిడి పరికరం) తీగను లోపలికి పంపడం కష్టం, ఒక్కోసారి కుదరదు కూడా. అందుకే డిశ్చార్జికి ముందే, లేదా బిడ్డ కాస్త కోలుకున్న నాలుగు వారాల్లోపు, బెరా పరీక్ష (చప్పుడుకు చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే వినికిడి పరీక్ష) చేయించాలి. వినికిడి బాగా పోయిందని తేలితే వెంటనే ఎంఆర్‌ఐ గురించి ఈఎన్‌టీ డాక్టర్ని అడగాలి. "ఇంకా నీరసంగా ఉంది, ఆర్నెల్లు ఆగి చూద్దాం" అనే సలహా మిగతా పిల్లల విషయంలో ఎలా ఉన్నా, ఈ పిల్లల విషయంలో నష్టం చేస్తుంది. ఆరోగ్యశ్రీలో (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఇంప్లాంట్‌కు ఏ వయసు వరకు, ఏ షరతులతో ఇస్తారో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

రెండో సంగతి చాలామందికి తెలియదు. జబ్బుకు ముందు పరుగెత్తిన పిల్ల ఇప్పుడు కూర్చుంటే పక్కకు ఒరిగిపోతుంటే, అది కాళ్ల నీరసం కాకపోవచ్చు. ఒంటిని నిలబెట్టే భాగం కూడా లోపలి చెవిలోనే ఉంటుంది, వినికిడితో పాటు అదీ దెబ్బతినవచ్చు. మళ్లీ నడక వస్తుంది కానీ ఆలస్యంగా వస్తుంది. అప్పటిదాకా కూర్చోబెట్టినప్పుడు వీపుకు, పాదాలకు గట్టి ఆసరా ఇవ్వాలి. ఒరిగిపోతానేమోనని భయపడే బిడ్డ రెండు చేతులూ నేలకు ఆనించి పెట్టుకుంటుంది. మాటకు కావలసిన చేతులు అక్కడే చిక్కుకుపోతాయి.

మూడోది, మిగిలి ఉన్నదాన్ని లెక్కగట్టడం. పూర్తి చీకటి, పూర్తి నిశ్శబ్దం రెండూ ఉన్న పిల్లలు తక్కువ. వెలుతురు ఎటునుంచి వస్తుందో తెలియడం, డప్పు చప్పుడు తెలియడం, ఇంత మిగిలినా అది పనికొస్తుంది. కంటి డాక్టర్ "చూపు లేదు" అన్నంత మాత్రాన ఊరుకోకుండా లో విజన్ విభాగంలో (మిగిలిన కొద్దిపాటి చూపును కొలిచి వాడుకోవడం నేర్పే చోటు) చూపించండి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో అలాంటి విభాగం ఉంది. వినికిడి యంత్రం పెడితే చెవిలో దూరే అచ్చును పసిపిల్లలకు కొన్ని నెలలకోసారి మార్చాల్సి ఉంటుంది. చెవి పెరిగేకొద్దీ అచ్చు వదులై యంత్రం కీచుమంటుంది. ఆ కీచుకు చిరాకు పడి ఇంట్లోవాళ్లు యంత్రాన్ని తీసి బీరువాలో పెట్టేయడం తరచూ జరిగే పొరపాటు.

ముట్టుకునే తీరు

కళ్లు, చెవులు లేని బిడ్డకు ప్రతి మనిషీ గాల్లోంచి ఊడిపడినట్టే. పొడుగాటి చేతులు ఒక్కసారిగా ఎత్తుకుంటాయి, చెంచా ఒక్కసారిగా నోట్లోకి వస్తుంది. ఇలా నాలుగు వారాలు గడిస్తే ఎవరి చెయ్యి తగిలినా ముడుచుకుపోవడం మొదలవుతుంది. కాబట్టి ఇంట్లో అందరూ ఒకే వరస పాటించండి.

దగ్గరికి వస్తున్నప్పుడు నేల మీద అడుగు కాస్త గట్టిగా వేయండి. చాప మీద కూర్చున్న బిడ్డకు ఆ అదురు తెలుస్తుంది. భుజం మీద చెయ్యి మెత్తగా కాకుండా నిలకడగా ఆనించండి. ఈకలా తగిలితే ఉలిక్కిపడతారు. రెండు మూడు సెకన్లాగి, చేతిని అలాగే మోచేతి మీదుగా బిడ్డ అరచేయి కిందికి జార్చండి. అప్పుడు మీరెవరో చెప్పే గుర్తు అందివ్వండి. అమ్మయితే గాజులు, నాన్నయితే చేతి గడియారం, తాతయ్యయితే గడ్డం. గుర్తు రోజూ ఒంటి మీద ఉండేదై ఉండాలి. పండక్కి మాత్రమే పెట్టుకునే గాజులు పనికిరావు. తలనూనె, పౌడరు వాసన కూడా బిడ్డకు గుర్తే, వాటిని ఊరికే మార్చకండి. వెళ్లిపోయేటప్పుడు కూడా చెప్పి వెళ్లాలి: బిడ్డ చేతిని మీ చేతి మీద ఉంచుకుని 'టాటా' ఊపి, ఆ తర్వాతే చెయ్యి వదలండి. చెప్పకుండా మాయమైతే మీరు ఉన్నారో లేదో తేల్చుకోవడానికే ఆ పిల్లకు రోజంతా సరిపోతుంది.

చుట్టాలొచ్చినప్పుడు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని ముద్దాడతారు. మొదటి కొన్ని నెలలు దీన్ని మొహమాటం లేకుండా ఆపండి. ఈ రోజుల్లో బిడ్డకు ఇద్దరు ముగ్గురి చేతులే చాలు.

నాలుగు పనులు, నాలుగు గుర్తులు

రోజులో తప్పకుండా జరిగే నాలుగు పనులు ఎంచుకోండి. ప్రతి పనికి ముందు ఒక స్పర్శ గుర్తు:

- ఎత్తుకునే ముందు: రెండు చంకల కింద రెండుసార్లు నొక్కడం.
- అన్నానికి: కింది పెదవి అంచున చెంచా ఆనించడం.
- స్నానానికి: తడి వేళ్లతో పాదం మీద నిమరడం.
- పడుకోబెట్టడానికి: దిండు గలీబు బుగ్గకు ఆనించడం.

గుర్తు ఇచ్చాక ఆగాలి. అసలు కష్టం ఇక్కడే ఉంది. మనసులో ఒకటి నుంచి మొదలుపెట్టి కనీసం పది దాకా, వీలైతే ఇరవై దాకా నింపాదిగా లెక్కపెట్టండి. ఆ వ్యవధిలో బిడ్డ కదలకుండా బిగుసుకుపోవచ్చు. చూసేవాళ్లకు అది పట్టనట్టు ఉండటంలా కనిపిస్తుంది. నిజానికి ఈ పిల్లలు శ్రద్ధ పెట్టినప్పుడే అలా కదలిక ఆపేస్తారు. ఊపిరి వేగం మారడం, ఒక వేలు కదపడం, నాలుక కాస్త బయటికి తేవడం, ఇవన్నీ జవాబులే. అలాంటిది ఏది కనిపించినా వెంటనే పని చేయండి. మొహం తిప్పుకుంటే అది 'వద్దు'. ఒక నిమిషం ఆగి మళ్లీ అడగండి. మందుల విషయంలో తప్ప, ఆ 'వద్దు'ను వీలైనంతవరకు మన్నించండి. తన కదలికకు ఫలితం ఉంటుందని తెలిస్తేనే బిడ్డ రెండోసారి కదులుతుంది.

గుర్తులు ఇంట్లో ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటే మొత్తం పాడవుతుంది. అమ్మ పెదవి మీద, నాయనమ్మ బుగ్గ మీద ఆనిస్తే అవి రెండు వేర్వేరు మాటలు. కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించుకోండి.

ఉయ్యాల ఆట

ఈ పిల్లలతో కదలికనే సంభాషణగా మలిచిన పద్ధతికి నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ వాన్ డైక్ రూపమిచ్చారు. 1960లలో, తల్లికి గర్భంలో ఉండగా సోకిన రుబెల్లా అనే వైరస్ జబ్బు వల్ల చూపు, వినికిడి లేకుండా పుట్టిన పిల్లలతో ఆయన పనిచేశారు. మన ఇళ్లలో దానికి చీర ఉయ్యాలే చాలు, లేదా ఒళ్లో కూర్చోబెట్టుకున్నా చాలు.

బిడ్డ వీపు మీ ఛాతీకి ఆనేలా కూర్చోబెట్టుకోండి. ఇద్దరూ కలిసి ముందుకూ వెనక్కూ ఐదుసార్లు ఊగి, ఠక్కున ఆపేయండి. ఆగండి. మొదటి రోజుల్లో ఏమీ రాదు, కాసేపాగి మీరే మళ్లీ ఊగండి. కొన్నాళ్లకు ఆపిన క్షణంలో వీపును ఒక్కసారి వెనక్కి నెడుతుంది. బిడ్డ నోట్లోంచి కాకుండా వీపులోంచి వచ్చిన 'ఇంకా' అది. వెంటనే ఊగాలి. ప్రతిసారీ ఐదు ఊపులే ఉండాలి. ఒకసారి మూడు, ఒకసారి పది అయితే ఎక్కడ ఆగుతుందో బిడ్డ ఊహించలేదు. ఊహించలేనిచోట అడగడం కూడా ఉండదు.

చేతి కింద చెయ్యి

చూపు లేని బిడ్డకు పని నేర్పేటప్పుడు బిడ్డ చేతిని పట్టుకుని చేయించడం మనకు అలవాటు. ఈ పిల్లలతో దాన్ని మానేయాలి. ఈ చేతులే వాళ్లకు కళ్లూ చెవులూ. వాటిని పట్టి లాగితే చూడమని తలపట్టి తిప్పినట్టే ఉంటుంది. పదే పదే జరిగితే చేతులు వెనక్కి తీసుకోవడం, పిడికిలి బిగించడం మొదలై, తర్వాత సంజ్ఞలు నేర్పడం కష్టమవుతుంది.

దీనికి బదులు మీ చెయ్యి కింద ఉండాలి, బిడ్డ చెయ్యి పైన ఉండాలి. పప్పన్నం కలపడం తీసుకోండి. బిడ్డ వెనకో పక్కనో కూర్చుని కుడిచేతిని కంచంలో పెట్టండి. బిడ్డ కుడి అరచేతిని మీ చేతి వెనక భాగం మీద ఆనించండి, పట్టుకోకండి. మెల్లగా కలపండి. మెతుకులు నలుగుతున్నప్పుడు మీ వేళ్ల గణుపులు ఎలా లేస్తున్నాయో, ముద్ద చేసేటప్పుడు బొటనవేలు ఎలా లోపలికి మడుస్తున్నారో ఆ చిన్న చేతికి తెలుస్తుంది. వెచ్చదనం తెలుస్తుంది, నెయ్యి జిడ్డు వేళ్ల సందుల్లోంచి తగులుతుంది. చెయ్యి తీసేసుకుంటే తీసుకోనివ్వండి. కలుపుతూనే ఉండండి, మళ్లీ వస్తుంది. కొన్ని వారాలకు బిడ్డ వేళ్లు మీ వేళ్లు దాటి అన్నంలోకి దిగుతాయి. అప్పుడు మీ చేతిని కొద్దికొద్దిగా వెనక్కి, మణికట్టు దగ్గరికి జరుపుకోండి.

వస్తువులు మాటలవడం

స్పర్శ గుర్తులు కుదిరాక వస్తువు గుర్తులు మొదలుపెట్టాలి. పనికి వాడే అసలు వస్తువునే గుర్తుగా ఇవ్వండి: స్నానానికి రోజూ వాడే మగ్గు, బయటికి వెళ్లడానికి బిడ్డ చెప్పు, పాలకు తన గ్లాసు, తలకు నూనె రాయడానికి సీసా మూత. బిడ్డ పిడికిట్లో ఇమిడే సైజు మంచిది. వస్తువు చేతికిచ్చి, తడిమి చూసేదాకా ఆగి, దాన్ని పట్టుకునే ఆ చోటికి వెళ్లి, అక్కడ పని చేయాలి. ఇచ్చినదానికీ జరిగినదానికీ మధ్య ఐదు నిమిషాలు గడిస్తే ముడి తెగిపోతుంది.

బొమ్మలు వద్దు. ప్లాస్టిక్ బస్సు కంటికి బస్సులా కనిపిస్తుంది, చేతికి కనిపించదు. బస్సెక్కిన బిడ్డ చేతికి తగిలేది ఇనుప కడ్డీ, సీటు రెక్సిన్ గుడ్డ. కాబట్టి బస్సుకు గుర్తు ఒక జానెడు రెక్సిన్ ముక్క.

నాలుగైదు వస్తువులు తెలిశాక పూటల పెట్టె చేయండి. స్వీట్ల అట్టపెట్టెను అడ్డగోడలతో మూడు గదులుగా విడదీసి నేలకు టేపుతో అంటించండి, లేకపోతే తడిమినప్పుడు జారిపోతుంది. ఎడమ నుంచి కుడికి, రాబోయే మూడు పనుల వస్తువులు ఒక్కో గదిలో ఒకటి. పక్కన మూత ఉన్న డబ్బా 'అయిపోయింది' కోసం. పని ముగిశాక బిడ్డే ఆ వస్తువును డబ్బాలో వేసి మూత పెట్టాలి, తర్వాత పక్క గదిని తడిమి చూడాలి. తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలియడం వల్ల ఏడుపులు బాగా తగ్గిపోయే ఇళ్లు ఎన్నో. కొన్నాళ్లకు బిడ్డ తనే పెట్టె దగ్గరికి పాకి చెప్పు తీసి మీ చేతిలో పెడుతుంది. ఆ రోజు ఎండగా ఉన్నా, పని ఉన్నా, గుమ్మం దాకా అయినా తీసుకెళ్లండి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. గ్లాసు ఎప్పుడూ నీళ్లతోనే వస్తే, ఆ గుర్తు గ్లాసుదా, నీళ్లదా? హెలెన్ కెల్లర్‌కూ ఇదే చిక్కు వచ్చింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని టస్కంబియాలో 1880లో పుట్టిన ఆమెకు 19 నెలల వయసులో జబ్బు చేసి చూపు, వినికిడి పోయాయి. 1887 మార్చి 3న వచ్చిన టీచర్ ఆన్ సలివన్ తన అరచేతిలో వేళ్లతో ఒక్కో అక్షరానికి ఒక్కో ఆకారం పెట్టి మాటలు చెబుతుంటే, మగ్గునూ నీళ్లనూ హెలెన్ కలిపేసుకునేది. ఏప్రిల్ 5న పంపు కింద ఒక చెయ్యి పెట్టించి, ఇంకో చేతిలో 'నీళ్లు' అని అలాగే అక్షరాలు పెట్టాకే ఆ ముడి విడిపోయింది. మీరూ అలాగే విడదీయండి: కొళాయి కింద నీళ్లు, బకెట్లో నీళ్లు, వానలో నీళ్లు, అన్నింటికీ ఒకే గుర్తు. గ్లాసు ఖాళీగా ఉన్నప్పుడు వేరే గుర్తు.

ఈ కథ చెప్పేవాళ్లు పంపు దగ్గరి క్షణాన్నే చెబుతారు. దానికి చాలా ముందే ఆ పిల్లకు ఇంటి సైగలు ఉన్నాయి: రొట్టె కావాలంటే కోసి వెన్న రాసినట్టు చేసేది, ఐస్‌క్రీం కావాలంటే దాన్ని తయారుచేసే మరను తిప్పినట్టు చేసి వణికేది. మీ బిడ్డ కూడా ఇప్పటికే ఏవో సైగలు కనిపెట్టుకుని ఉంటుంది. వాటిని ముందు వెతకండి. అవి 'సరైనవి' కావని మార్చకండి, వాడుకోండి.

సంజ్ఞలు

సంజ్ఞను వస్తువుతో పాటే మొదలుపెట్టండి, వస్తువు మానేశాక కాదు. గ్లాసు ఇస్తూనే 'తాగు' సంజ్ఞ. బిడ్డ చేతులు మీ చేతుల మీద ఉండగా మీరు చేసి చూపిస్తారు. మొదటి ఆరు మాటలు ఇవి చాలు: ఇంకా, అయిపోయింది, తిను, తాగు, వద్దు, అమ్మ. గాల్లో చేసేవాటికంటే ఒంటికి తగిలే సంజ్ఞలు తొందరగా పట్టుబడతాయి. భారతీయ సంజ్ఞా భాష నిఘంటువును ఢిల్లీలోని ఐఎస్ఎల్ఆర్‌టీసీ (భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం) వీడియోలుగా ఉచితంగా పెట్టింది. వీలైనంతవరకు అందులోవే తీసుకోండి. రేపు బడిలోనూ, చెవిటి పిల్లలతోనూ అవే పనికొస్తాయి.

'పాలు', 'తిను' అని ఒక్కొక్క మాటను పాఠంలా అప్పజెప్పకండి. ఇదేమిటో చెప్పు అని పరీక్ష పెట్టకండి. మామూలు పసిపాప నోరు తెరిచి ఒక మాట అనేలోపు ఏడాదిపాటు వేల మాటలు వింటుంది. ఈ బిడ్డ చేతులకు కూడా అంత 'వినికిడి' కావాలి. హెలెన్ మేనత్త పిల్లో, పినతల్లి పిల్లో కానీ, ఆ ఇంట్లో పదిహేను నెలల పసిపాపను గమనించి ఆన్ సలివన్ కూడా ఈ నిర్ణయానికే వచ్చింది: పాఠాలు పక్కన పెట్టి, పసిపిల్ల చెవిలో మాట్లాడినట్టు హెలెన్ చేతిలో పూర్తి వాక్యాలే మాట్లాడటం మొదలుపెట్టింది. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లోనే ఇంట్లోవాళ్లు ఎక్కువగా మానేస్తారు.

జబ్బుకు ముందు బిడ్డకు కొన్ని మాటలు వచ్చి ఉంటే, వాటిని వదలకండి. వినికిడి పోయాక చిన్నపిల్లల మాట త్వరగా మసకబారుతుంది. తన గొంతు తనకు వినిపించదు, అందుకే. బిడ్డ బొటనవేలు మీ పెదవుల మీద, మిగతా వేళ్లు దవడ, గొంతు మీద ఆనించి పాత మాటలే చెప్పండి: అమ్మ, తాత, పాలు. టడోమా అనే ఈ పద్ధతితో పూర్తిగా మాటలు అర్థం చేసుకోవడం చాలా కొద్దిమందికే సాధ్యమవుతుంది. ఉన్న మాటలు నిలుపుకోవడానికి మాత్రం ఇది మంచి సాయం. చేతి సంజ్ఞలు నేర్పితే నోటి మాట పోతుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

తల కొట్టుకోవడం, కన్ను నొక్కుకోవడం

తల గోడకేసి కొట్టుకుంటే ముందు చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం ఉన్నాయేమో చూడండి. చెప్పుకోలేని బిడ్డకు నొప్పిని చూపించే దారి అదొక్కటే. అవేవీ లేకపోతే, ఏ పనికి ముందు, ఏ పని తర్వాత జరుగుతోందో వారం రోజులు రాసుకోండి. ఎక్కువసార్లు ఏ గుర్తూ ఇవ్వకుండా ఒక పని మొదలైన చోటో, ఖాళీగా చాలాసేపు కూర్చున్న చోటో తేలుతుంది. వేలితో కంటిని నొక్కుకుంటే, రెటీనా (కంటి వెనక వెలుగును పట్టుకునే పొర) పనిచేస్తున్న పిల్లల్లో వెలుగు మెరుపులు వస్తాయి, అందుకే మానరు. చెయ్యి లాగితే ఆగదు. ఆ చేతికి వేరే పని ఇవ్వాలి.

రాత్రి, పగలు తారుమారవడం మామూలే. పొద్దున ఎండ ఒంటికి తగిలేలా కూర్చోబెట్టడం, పడుకునే ముందు రోజూ ఒకే వరస (స్నానం, నూనె, గలీబు) పాటించడం కొంత దారిలో పెడతాయి.

అక్షరాల దగ్గరికి

"ముందు బ్రెయిలీ నేర్పిస్తే సరిపోతుంది కదా" అంటారు. బ్రెయిలీ అంటే వేళ్లతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి, అంటే అక్షరాలు మాత్రమే. మాటలు తెలియని బిడ్డకు చుక్కలు చుక్కలుగానే ఉంటాయి. సంజ్ఞలు యాభై దాటి, రెండు మూడు కలిపి చెబుతున్నప్పుడు చుక్కల వైపు వెళ్లండి. మొదట కోడిగుడ్ల అట్ట నుంచి రెండు వరసల్లో మూడేసి, ఆరు గుంటలు కత్తిరించి నిమ్మకాయలు పెట్టించండి, బ్రెయిలీలో ఒక గడి అంటే ఈ ఆరు చుక్కల చోటే. ఎడమ వరస పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరస 4, 5, 6.

తెలుగుకు వాడే భారతి బ్రెయిలీలో (భారతీయ భాషల బ్రెయిలీ) గుణింతపు గుర్తులు, ఒత్తులు వేరుగా ఉండవు, హల్లు పక్కన అచ్చు వస్తుంది. 'పాలు'కు నాలుగు గడులు: ప (1-2-3-4), ఆ (3-4-5), ల (1-2-3), ఉ (1-3-6). 'అమ్మ'కు అ (1), ఆ తర్వాత పొల్లు చుక్క (4), మ (1-3-4), మళ్లీ మ. ఒత్తు కింద పడకుండా వరసలో రావడం చూపున్నవాళ్లకే వింతగా ఉంటుంది, బిడ్డకు కాదు.

ఇవే చుక్కలను వేళ్ల మీద తట్టి మాట్లాడొచ్చు. ఎడమచేతి చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు 1, 2, 3. కుడిచేతివి 4, 5, 6. జపాన్‌లో తొమ్మిదేళ్లకు చూపు, పద్దెనిమిదేళ్లకు వినికిడి పోగొట్టుకున్న ఫుకుషిమా సతోషితో మాట్లాడటానికి 1981లో వాళ్లమ్మ వంటింట్లో కనిపెట్టిన పద్ధతి ఇది. ఆయన తర్వాత టోక్యో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు.

సదరం, బడి, ఒక కాగితం

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో బహుళ వైకల్యం ఒకటి, అందులో డెఫ్‌బ్లైండ్‌నెస్ (చూపు, వినికిడి రెండింటి లోపం) పేరు పెట్టి ఉంది. సదరం క్యాంపులో కంటి డాక్టర్, ఈఎన్‌టీ ఇద్దరూ చూసేలా అడిగి, సర్టిఫికెట్‌లో ఆ మాట రాయించుకోండి. 'అంధత్వం' అని ఒక్కటే పడితే రేపు అంధుల బడికి పంపమంటారు. అక్కడ చదువు చాలావరకు చెవి మీదే నడుస్తుంది. మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే చోటు) ఉండే ఐఈఆర్‌పీకి, అంటే ఆ పిల్లలకు నేర్పే టీచరుకు, ఈ పిల్లలతో అనుభవం లేకపోయినా ఫరవాలేదు, కలిసి నేర్చుకోవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే అలీయావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అహ్మదాబాద్ కేంద్రంగా ఉన్న సెన్స్ ఇంటర్నేషనల్ ఇండియా ఈ పిల్లల కోసమే పనిచేస్తుంది.

బిడ్డను కొత్తవాళ్ల దగ్గర వదిలేటప్పుడు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి: ఎటువైపు నుంచి వచ్చి ఎక్కడ ముట్టుకోవాలి; వాడే గుర్తులు, వాటి అర్థాలు; బిడ్డ 'కావాలి', 'వద్దు' అని ఎలా చెబుతుంది; ఎంతసేపు ఆగాలి; వెలుతురు ఏ పక్కనుంటే చూస్తుంది, ఏ చెవి మేలు; మింగడంలో ఇబ్బంది ఉంటే ఏం పెట్టకూడదు. మూడు నెలలకోసారి కొట్టివేసి మళ్లీ రాయండి, ఈలోపు గుర్తులు మారిపోయి ఉంటాయి.